నిండు చూలాలి పరుగు

2014 వ సంవత్సరము జూన్ నెలలో అమెరికా దేశమునందలి శాక్రమెంటో నగరమున ఆ దేశపు జాతీయ పరుగు పోటీలు జరిగినవి. 800 మీటర్ల పందెమునకు గీతవద్ద నిలిచిన స్త్రీలలో అలీసియా మోంటాన్యో యను నామె గర్భవతి. అప్పటికి ఆమెకు 34 వారములు. తుపాకి మ్రోగినంతనే తక్కినవారు ముందుకు సాగిపోయిరి. ఆమె అందరికంటె వెనుకగా, 2 నిమిషముల 32 సెకండ్లకు గమ్యము చేరినది. ప్రేక్షకులు లేచి నిలిచి చప్పట్లు చరచిరి. అంతకు ముందు ఆమె సాధించిన ఉత్తమ కాలము 1 నిమిషము 57 సెకండ్లు. అనగా ఆనాడు ఆమె తన శక్తికంటె 35 సెకండ్లు వెనుకబడినది. ఈ 35 సెకండ్లను గూర్చియే నేడు నేను వ్రాయబూనినది.

నాటి ఛాయాచిత్రము లోకమంతట ప్రచురింపబడినది. మెచ్చినవారు కొందరు, కడుపుతో నున్న మనిషికి ఇంత దుడుకు తగునా యని నొసలు చిట్లించినవారు కొందరు. ఉభయులును ఆమె పరుగెత్తుటనే చూచిరి. ఎంత నెమ్మదిగా పరుగెత్తినదో చూచినవారు తక్కువ.

నాయొద్ద చదివి, ఇప్పుడొక ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయినిగా నున్న అమ్మాయి ఇటీవల మా యింటికి వచ్చినది. "మాష్టారూ, నాకు అయిదో నెల. పరుగు మానలేదు. మానక్కరలేదని డాక్టరమ్మ కూడా చెప్పింది. కాని రోజురోజుకీ వేగం పడిపోతోంది. పెంచుకోవడానికి క్షేమమైన దారి ఏదైనా ఉందా? లేకపోతే వచ్చే యేడు జట్టులో నా పేరు ఉండదు" అన్నది. తెలుగు పండితుని అడుగదగిన ప్రశ్న కాదు. అయినను శిష్యురాలు అడిగినప్పుడు నాకేమి తెలియునని తప్పించుకొనుటకు మనసొప్పక, దొరికినంత చదివితిని, తెలిసిన వైద్యులను అడిగితిని.

మన భాషలో గర్భిణిని "వట్టి మనిషి కాదు" అందురు. శాస్త్రజ్ఞులు చెప్పినదంతయు చదివిన పిదప ఈ మూడు మాటలే నాకు మరల మరల జ్ఞప్తికి వచ్చినవి. నెలలు నిండువేళకు ఆమె శరీరమున నెత్తురు 40 మొదలు 50 శాతము వరకు పెరుగును. ఆ పెరుగుదలలో ఎఱ్ఱకణములకంటె ద్రవభాగమే హెచ్చు గనుక రక్తము పలుచబడును. గుండె, ఊరక కూర్చున్న వేళనే, నిమిషమునకు 10 లేక 20 సార్లు అదనముగా కొట్టుకొనును. గర్భాశయము పెరిగినకొలది ఊపిరితిత్తుల క్రిందిపొరను పైకి నెట్టును. బరువు ముందుకు వ్రాలును. కీళ్ళను పట్టియుంచు నరములవంటి కట్లు సడలును. నిన్న సులభముగా పోయిన వేగమే నేడు ఆయాసము కలిగించుటకు కారణ మిదియే. ఆమె అరుగుమీద కూర్చున్నను లోపల కొంత పరుగు సాగుచునే యున్నది. దానిపై మరియొక పరుగు వేసి, అదియు మునుపటికంటె వేగముగా సాగవలెననుట ఎట్టి కోరికయో పాఠకులే యూహింపవచ్చును.

ఐతే పరుగే కూడదా? అట్లనుట కూడ తప్పే. ఈ విషయమున వైద్యుల మాట కాలముతోపాటు మారినది. 1985 లో అమెరికా ప్రసూతి వైద్యుల సంస్థ, వ్యాయామవేళ గర్భిణి నాడి నిమిషమునకు 140 దాటరాదని హద్దు గీచినది. 1994 లో ఆ సంస్థయే ఆ హద్దును తొలగించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో ప్రకటించిన సూచనలలో, అడ్డంకులు లేని గర్భిణులు వారమునకు 150 నిమిషములైనను మితమైన వ్యాయామము చేయవలెనని యున్నది. అంతకుముందునుండి గట్టి వ్యాయామమునకు అలవాటుపడినవారు దానిని కొనసాగింపవచ్చునని కూడ నున్నది. కొనసాగించుట వేరు, పెంచుట వేరు. 2012 లో నార్వే పరిశోధకులు ఒలింపిక్ స్థాయి క్రీడాకారిణులను ఆరుగురిని, 23 మొదలు 29 వారముల గర్భముతో నున్నవారిని, యంత్రముపై పరుగెత్తించి చూచిరి. గుండె వేగము పరమావధిలో 90 శాతము దాటినప్పుడు గర్భాశయమునకు పోవు రక్తప్రవాహము సగమునకు లోపుగా పడిపోయి, శిశువు గుండె మందగించినది. పరుగు ఆపగా తేరుకొన్నది. ఆరుగురిని చూచి శాసనము చేయరాదు, నిజమే. కాని వేగమునకు వెల ఎవరు చెల్లించుచున్నారో ఆ పరీక్ష చూపినది.

అందుచేత వైద్యులు ఇప్పుడు గడియారముకంటె మాటను నమ్ముచున్నారు. పరుగెత్తుచు ప్రక్కనున్నవారితో మాటలాడగలిగినచో వేగము తగినది. వాక్యము మధ్యలో ఊపిరి తెగినచో హెచ్చినది. మాటను ఇంత గౌరవించిన శాస్త్రమును చూచి భాషోపాధ్యాయునిగా నేను సంతోషించితినని దాచనేల! ఇక మిట్టలు, ఒక్క ఊపున దూకు పరుగులు ఈ నెలలలో మానుట మేలు. చదునైన బాట, చల్లని వేళ, దగ్గర నీరు కావలెను. మన కోస్తా ఎండలో, ఉక్కలో పరుగు పనికిరాదు. ఒడలు అతిగా కాగుట, ముఖ్యముగా తొలి నెలలలో, శిశువునకు మంచిది కాదు. శక్తి నిలుపుకొనవలె నన్నచో ఈత గలదు; తొడలకు, నడుమునకు, కటిభాగపు కండరములకు బలమిచ్చు మెల్లని వ్యాయామములు గలవు. రక్తస్రావము, నీరు పోవుట, విడువక వచ్చు నొప్పులు, తలతిరుగుట, తీవ్రమైన తలనొప్పి, ఛాతీలో నొప్పి, పిక్క వాచి నొప్పిపుట్టుట కనబడిన తోడనే ఆగి వైద్యుని చూడవలెను. రక్తపోటు హెచ్చినవారికి, మావి క్రిందికి దిగియున్నవారికి, రక్తహీనత తీవ్రముగా నున్నవారికి పరుగు మాటయే లేదు. ఈ చివరిది మనకు పెద్ద మాట. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో మన దేశపు గర్భిణులలో 52.2 శాతము మందికి రక్తహీనత యున్నట్లు తేలినది.

ఇంత తెలిసిన పిదపను స్త్రీలు వేగముకొరకు ఏల తపించుచున్నారు? మా యమ్మాయి మాటలలోనే జవాబున్నది: జట్టులో పేరుండదను భయము. మన కావ్యములు స్త్రీని మందయాన యనియు, గజగామిని యనియు పొగడి, ఆమెకు పరుగే లేకుండ జేసినవి. నేటి లోకము పరుగునిచ్చి, ఆగు స్వేచ్ఛను తనయొద్ద నుంచుకొన్నది. రెంటిలో ఏది మేలో చెప్పుట కష్టము.

ఈ సంగతి బట్టబయలైనది 2019 లో. పాదరక్షల వ్యాపారులైన నైకీ సంస్థ గర్భిణులగు క్రీడాకారిణుల వేతనము తగ్గించుచున్నదని మోంటాన్యో ఆ యేటి మేలో న్యూయార్క్ టైమ్సు పత్రికాముఖమున చెప్పినది. కొలది దినములకే ఒలింపిక్ స్వర్ణపతకములను ఆరింటిని గెలిచిన ఆలిసన్ ఫీలిక్స్ అదే పత్రికలో వ్రాసినది: తనకు మునుపటికంటె 70 శాతము తక్కువ ఇవ్వజూపిరనియు, ప్రసవమునకు ముందువెనుకల నెలలలో పరుగు తగ్గినంతమాత్రమున శిక్షింపబోమని వ్రాసియిమ్మనగా ఒప్పుకొనలేదనియు. గర్భము బయటపడునను వెరపుతో ఆమె తెల్లవారక మునుపే చీకటిలో సాధన చేసినది. 2018 నవంబరులో, 32 వ వారమున, రక్తపోటు విషమించి, శస్త్రచికిత్సతో బిడ్డను తీయవలసి వచ్చినది. లోకమంతయు గగ్గోలు పెట్టగా ఆగస్టులో సంస్థ తన విధానమును మార్చి, 18 నెలలపాటు వేతనము తగ్గింపబోమని ప్రకటించినది.

పరుగు బలమే ప్రసవమున రక్షించునను భ్రమ కూడ విడువదగినది. 2016 రియో ఒలింపిక్సులో ఫీలిక్సుతో కలిసి నాలుగువందల మీటర్ల బృందపు పరుగున స్వర్ణము గెలిచిన టోరీ బోవీ, 2017 లో నూరు మీటర్లలో జగద్విజేత, 2023 లో ఎనిమిదవ నెల గర్భముతో తన యింట ఒంటరిగా మరణించినది. వయస్సు 32. అంతటి కాళ్ళును ఆమెను కాపాడలేదు. తలుపు తట్టి పలుకరించు మనిషి యున్నచో ఏమగునో!

ఇదంతయు ధనిక దేశముల ముచ్చట యనుకొనవలదు. మా ఊరి పొలములలో నిండు నెలలతో నాట్లు వేసిన స్త్రీలను చిన్ననాట నేను చూచితిని. కష్టపడి పనిచేసినచో కాన్పు సులభమని పెద్దలు అనుచుండెడివారు. ఆ మాటలో కొంత నిజముండవచ్చును. కాని వంగిన నడుముతో వరుస వెనుకబడకుండ సాగుట ఆమె యిష్టము కాదు. గట్టుమీది మేస్త్రీ కేక. అది వ్యాయామము కాదు. గర్భిణికి పరుగువలన ముప్పు తక్కువ. తన వేగమును మరియొకరు నిర్ణయించుటవలన ముప్పు హెచ్చు. మేస్త్రీయైనను, పాదరక్షల వర్తకుడైనను, జట్టును ఎంచు సంఘమైనను ఒకటే. 2017 నాటి సవరణతో కొన్ని సంస్థల ఉద్యోగినులకు 26 వారముల జీతపు సెలవు లభించినది. దినకూలికి పోవు ఆమెకు ఆ చట్టము తెలియదు. చట్టమునకును ఆమె తెలియదు.

ఫీలిక్స్ 2021 లో టోకియోకు పోయి, నాలుగువందల మీటర్లలో కంచుపతకము, బృందపు పరుగులో స్వర్ణము తెచ్చుకొన్నది. అప్పటికి ఆమె కూతురికి రెండేండ్లు దాటినవి. మన పి.టి. ఉష తల్లియైన ఆరేండ్లకు, 1998 లో, ఆసియా పోటీలలో రెండు కంచుపతకములు గెలిచినది. ఈ రెండు సంగతులు మా యమ్మాయికి చెప్పితిని. జట్టులో పేరు మాట నా చేతిలో లేదు. పాఠశాల ప్రధానోపాధ్యాయినికి మాత్రము నాకు తోచినట్లు ఒక ఉత్తరము వ్రాసితిని.

మొన్న ఆమె ఫోను చేసినది. ఏడవ నెల వచ్చినదట. ఉదయము పిల్లలతో వెనుకవరుసలో, వారికి ఎక్కములు అప్పచెప్పుచు మెల్లగా పరుగెత్తుచున్నదట. కాలము చూచు గడియారమును ఎనిమిదవ తరగతి బాలిక కొకతెకు ఇచ్చివేసినదట.