కోర్టు కాగితానికి మన భాష రాదా?

మా వీధిలో ఒకామె మూడు నెలలపాటు రేకు పెట్టెలో చీర మడతల మధ్య ఒక కాగితం దాచుకుంది. మేజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు అది. భర్త ఆమెను కొట్టకూడదనీ, ఆమె పనిచేసే చోటికి రాకూడదనీ, ఫోన్లో బెదిరించకూడదనీ అందులో ఉంది. ఉన్నది తమిళంలో. ఆమె తమిళం గడగడా మాట్లాడుతుంది, చదవలేదు. చదివింది తెలుగు బడిలో ఐదో తరగతి దాకా. అతను ఆమె పనిచేసే కుట్టు మిషన్ల షెడ్డు ముందుకు మూడుసార్లు వచ్చి నిలబడ్డాడు. మూడుసార్లూ ఆమె వెనక వాకిలినుంచి ఇంటికి వెళ్లిపోయింది. అలా రావడమే నేరమని ఆమెకు తెలియదు.

ఆ కాగితం చదివి చెప్పమని ఆమె మా సంఘం ఆఫీసుకి వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. ఉగాది కవి సమ్మేళనం పనుల్లో ఉన్నాం. "తర్వాత రామ్మా" అన్నాను. కనుక ఈ వ్యాసంలో నిందితుల జాబితాలో మొదటి పేరు నాదే.

చట్టం సంగతి చూద్దాం. 2005లో పార్లమెంటు చేసిన గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. 18వ సెక్షన్ రక్షణ ఉత్తర్వు, 19వది అదే ఇంట్లో ఉండే ఉత్తర్వు, 23వది విచారణ తేలకముందే ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు. ఉత్తర్వును మీరితే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. బెయిలు హక్కుగా రాదు.

"కాగితం చెయ్యిని ఆపుతుందా?" అని కొందరు ఎగతాళి చేస్తారు. ఆపదు. కానీ దెబ్బ పడేదాకా ఆగకుండా, ఆ మనిషి గుమ్మం ముందుకు వచ్చినప్పుడే పోలీసును పిలిచే హక్కు ఇస్తుంది. అయితే ఆ హక్కు తనకుందని ఆమెకు తెలియాలి. చదవలేని ఉత్తర్వు సగం ఉత్తర్వే.

"ఆడవాళ్లు చట్టాన్ని దుర్వినియోగం చేస్తారు" అని మరికొందరు. రక్షణ ఉత్తర్వు శిక్ష కాదు. కొట్టవద్దు అన్నందువల్ల కొట్టనివాడికి పోయేదేమిటి? అన్యాయం జరిగిందనుకుంటే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. పరిస్థితులు మారితే ఉత్తర్వు మార్చమనో ఎత్తివేయమనో అడగవచ్చు.

ఇక భాష. ఉత్తర్వు నకలు ఇరుపక్షాలకూ, పోలీసు స్టేషన్‌కూ ఉచితంగా ఇవ్వాలని 24వ సెక్షన్ చెబుతోంది. ఏ భాషలో ఇవ్వాలో చెప్పదు. చిత్రమేమిటంటే, ముద్దాయి కోరితే, వీలైనంతలో, తీర్పును అతని సొంత భాషలోకి అనువదించి ఇవ్వాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఏనాడో చెప్పింది. దెబ్బలు తిన్నామె కోసం అలాంటి వాక్యం ఈ చట్టంలో ఒక్కటీ లేదు!

నేను తమిళానికో కన్నడానికో ఒడియాకో విరోధిని కాను. కింది కోర్టు ఆ రాష్ట్ర ప్రజల భాషలో నడవడమే న్యాయం. మూలం అలాగే ఉండనీయండి. దానికి తెలుగులో ఒక పేజీ సారాంశం జోడించమంటున్నాను. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఎవరైనా తమ కష్టాన్ని కేంద్రంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు రాసుకోవచ్చు. మొర పెట్టుకోవడానికి ఉన్న భాష జవాబు అందుకోవడానికి ఎందుకు లేకపోయింది?

ప్రభుత్వాన్ని తిట్టడం సులువు. మన సంగతేమిటి? "పొరుగు రాష్ట్రంలో ఉన్నాం, నలుగురిలో నవ్వులపాలు కావద్దు, మనలో మనం తేల్చుకుందాం" అంటారు మన పెద్దమనుషులు. ఆ చాపమీద నేనూ కూర్చున్నాను. "సర్దుకుపో తల్లీ" అని నేనూ అన్నాను. మా తీర్పుకు 31వ సెక్షన్ లేదు. అతను మళ్లీ కొడితే మేం మళ్లీ కూర్చున్నాం, అంతే. మనం కాపాడింది సంఘం పరువునే గాని ఆ అమ్మాయిని కాదు.

కనుక ఒక మాట. ప్రతి తెలుగు సంఘమూ వారానికి ఒక పూట కోర్టు కాగితాలు చదివి చెప్పే పని పెట్టుకోవాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీకైనా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోందని ఆమెకు చెప్పాలి. రక్షణాధికారులు లేనిచోట జిల్లా, తాలూకా స్థాయిలో వెంటనే గుర్తించాలని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మన తాలూకాలో ఆ అధికారి ఎవరో కనుక్కుని, తెలుగు సారాంశం అడుగుతూ అర్జీ ఇవ్వాలి.

ఆమె నెల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి చదివి వినిపించాను. మధ్యలో ఆపి, "అయితే మిషన్ల దగ్గరికి రావడం కూడా తప్పేనా అన్నా?" అంది. తప్పేనమ్మా అన్నాను. ఆ మాట వెనక్కి తిప్పి కాగితం వెనక తెలుగులో రాయించుకుని, స్టేషన్ ఫోన్ నంబరు కూడా వేయించుకుని వెళ్లింది.

ఆ నాలుగు వాక్యాలు రాయడానికి నాకు పది నిమిషాలు పట్టింది. కవి సమ్మేళనం ఆ పది నిమిషాలు ఆగి ఉండేది.