తాళం తిప్పొద్దు!

ఏప్రిల్‌లో ఓ శనివారం పొద్దున్నే మా అబ్బాయి గరాజ్‌లోంచి కేకేశాడు. "నాన్నా, కొత్త బ్యాటరీ పెట్టేశా. స్టార్ట్ చేస్తున్నా!"

కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు. పరిగెత్తుకెళ్లి తాళంచెవి లాక్కున్నాను. వాడు బిత్తరపోయాడు. పాపం, వాడి తప్పేముంది? కారంటే బ్యాటరీ ఉండాలి, తాళం తిప్పాలి, అంతేగా వాడికి తెలిసింది.

ఆ కారు 1985 మాజ్దా ఆర్ఎక్స్-7. డెట్రాయిట్ పక్కన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, జీతం రాళ్లు మిగిలాయని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇద్దరే కూర్చునే బండి. 2008లో వీడు పుట్టి మేం నలుగురమయ్యాం. వచ్చే వేసవిలో తీద్దాంలే అని దుప్పటి కప్పాను. ఆ వచ్చే వేసవి పదిహేడేళ్లు రాలేదు. మా ఆవిడ దృష్టిలో అది అట్టపెట్టెలు పెట్టుకునే బల్ల. ఈ ఏడాది గట్టిగానే చెప్పేసింది. "ఏవండీ, జూన్ లోపు నడిస్తే ఉంచండి. లేదంటే ఎవరికైనా ఇచ్చేయండి. నా కారు మంచులో నానుతోంది." న్యాయమే. అమ్మాలన్నా ఇంజిన్ తిరిగే బండికి ఒక ధర, బిగుసుకుపోయిన బండికి తుక్కు ధర. అంటే అంతా ఆ ఇంజిన్ మీదే ఉంది.

ఆ ఇంజిన్ సంగతి కొంచెం చెప్పాలి. మన కార్లలో పిస్టన్లు పైకీ కిందకీ కొట్టుకుంటాయి. ఇందులో పిస్టనే లేదు. రెండు గింజల వేరుశనక్కాయని నిలువుగా చీలిస్తే కనపడే ఆకారంలో ఒక గది, అందులో సమోసాలాంటి మూడు మూలల రోటరు గిరగిరా తిరుగుతుంటుంది. నా బండిలో అలాంటివి రెండు. రెండూ కలిపి 1146 సీసీ, అంతే. సమోసా ఒక్కో కొన మీద ఒక సన్నటి ఇనప పట్టీ ఉంటుంది. దాన్ని ఎపెక్స్ సీల్ అంటారు. గది గోడని ఒరుసుకుంటూ గాలి బయటికి పోకుండా కాసేది అదే. మొత్తం ఆరు పట్టీలు. రోటరీ బతుకంతా ఆ ఆరింటి మీదే!

జర్మన్ ఫెలిక్స్ వాంకెల్ ఈ ఇంజిన్‌ని కనిపెడితే, జపాన్‌లో హిరోషిమా కంపెనీ మాజ్దా దాన్ని మొండిగా పట్టుకుంది. మొదట్లో ఈ పట్టీలు గది గోడ మీద వరసగా గీతలు పెట్టేవి. అక్కడి ఇంజినీర్లు వాటికి 'దెయ్యం గోళ్ల గీతలు' అని పేరు పెట్టారు. కెనిచి యమమొటో అనే ఆయన, ఆయన కింద కొందరు కుర్ర ఇంజినీర్లు, అందరూ కలిసి 47 మంది ఏళ్ల తరబడి ఆ దెయ్యాన్ని వదిలించే పనిలోనే ఉన్నారు. అలా 1967లో కాస్మో స్పోర్ట్ వచ్చింది. 1978లో ఆర్ఎక్స్-7. ఆ యమమొటో తర్వాత కంపెనీకే ప్రెసిడెంట్ అయ్యారు.

ఇప్పుడు నేనెందుకు పరిగెత్తానో చెప్తాను. పదిహేడేళ్లు కదలకపోతే ఆ పట్టీలు పాత మసితో, తుప్పుతో వాటి గాడిలోనే అతుక్కుపోతాయి. కొన్ని గోడకి కూడా కరుచుకుంటాయి. ఆ స్థితిలో స్టార్టర్ మోటార్ ఒక్కసారి బలంగా తిప్పిందా, పట్టీ విరిగిపోవచ్చు. విరిగిన ముక్క గోడంతా గీరేస్తుంది. ఇక ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. ఈ చుట్టుపక్కల ఓ షాపుకి ఫోన్ చేస్తే "రోటరీయా, మేం ముట్టుకోం" అని పెట్టేశారు. కాబట్టి విప్పేదీ బిగించేదీ నేనే!

ఆ రోజు నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీశాం (రోటరుకి రెండు చొప్పున). ఆ కంతల్లోంచి ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ ఆయిల్ పోశాం. పాత రోటరీ వాళ్ల నాటువైద్యం ఇది. తర్వాత ఇంజిన్ ముందున్న పెద్ద బోల్టుకి రెంచి తగిలించి మెల్లిగా తిప్పి చూశాను. ఊహూఁ. రాయిలా ఉంది.

"ఇంకొంచెం గట్టిగా తిప్పు నాన్నా."

"గట్టిగా తిప్పేవాడినైతే నీ చేతిలో తాళం లాక్కోవడం ఎందుకురా?"

రోజూ సాయంత్రం వాడు స్కూలు నుంచి వచ్చాక ఓసారి రెంచి మీద చెయ్యి వేసి చూడటం, కదలకపోతే వదిలేసి ఇంకాస్త ఆయిల్ పోయడం. మంగళవారం లేదు. బుధవారం లేదు. గురువారం నేను మీటింగులో ఉండగా ఫోన్ చేశాడు. "ఒక వేలెడు కదిలింది!" ఆదివారానికి పూర్తి చుట్టు తిరిగింది. ఎక్కడా గీరిన చప్పుడు లేదు. చెవి ఆనించి మరీ విన్నాను.

అసలు పరీక్ష తర్వాత. పెట్రోలు రాకుండా, స్పార్క్ రాకుండా తీగలు పీకేసి, పై ప్లగ్గులు బిగించి, కింద ప్లగ్గు తీసిన కంతతో స్టార్టర్ తిప్పాలి. ఒక్కో రోటరుకి మూడు ముఖాలు కాబట్టి ఉఫ్, ఉఫ్, ఉఫ్ అని సమానంగా మూడు ఊదులు వినపడాలి. ముందు రోటరు చక్కగా ఊదింది. వెనకది ఉఫ్, ఉఫ్, స్స్... మళ్లీ ఉఫ్, ఉఫ్, స్స్... మా ఇద్దరికీ మాట రాలేదు. లోపల ఏదో ఒక సీల్ పని చెయ్యడం లేదు. విరిగిందా, గాడిలో ఇరుక్కుందా? చేత్తో తిప్పినప్పుడు గీరలేదు కాబట్టి ఇరుక్కుని ఉంటుందని నా ఆశ. ఆశే, నమ్మకం కాదు. మళ్లీ ఏటీఎఫ్ పోసి ఇంకో వారం వదిలేశాం.

ఆ వారం ఊరికే కూర్చోలేదు. ట్యాంకులో పెట్రోలు వార్నిష్ వాసన కొడుతోంది, తీసేశాం. పెట్రోలు గొట్టాలు చేత్తో వంచితే పెళుసుగా విరిగాయి, అన్నీ మార్చాం. కార్బురేటర్ విప్పి కడిగాం. దాని పక్కన చిన్న అద్దం కిటికీ ఉంటుంది, లోపల పెట్రోలు మట్టం చూసుకోవడానికి. అది తుడిచినప్పుడు వాడి మొహం చూడాలి! టైర్ల మీద గాడి కొత్తగానే ఉంది గానీ పక్కన నంబర్ 2305. అంటే 2005లో 23వ వారం తయారీ. ఆ టైర్లతో రోడ్డెక్కితే మా ఆవిడ సంగతి అలా ఉంచండి, దేవుడూ క్షమించడు.

మధ్యలో తెనాలి నుంచి నాన్నగారు ఫోన్ చేశారు. కారు సంగతి చెబితే, "ఒరేయ్, దానికి ఆయిల్ పెట్రోల్లో కలపాలా?" అన్నారు. ఆశ్చర్యపోయాను. నిజమే, రోటరీ కొంచెం ఆయిల్ తాగుతుంది. ఆ పట్టీలు తడవడానికి చిన్న పంపు లోపలికి ఆయిల్ పంపిస్తుంది. పదిహేడేళ్ల నాటి పంపుని నమ్మలేక ట్యాంకులో కూడా కాస్త కలుపుదామనే అనుకున్నాను. నాన్నగారి చేతక్ రోజులు గుర్తొచ్చాయి. బంకు కుర్రాడు ఆయిల్ కలిపి పోసేవాడు, పొద్దున్నే స్టార్ట్ కాకపోతే స్కూటర్ని పక్కకి వంచేవాళ్లం. "నేనుంటే వంచి చూసేవాణ్ణి" అన్నారాయన. ఇది వెయ్యి కిలోల పైచిలుకు నాన్నగారూ.

రెండో ఆదివారం మళ్లీ విన్నాం. ఉఫ్, ఉఫ్, ఫ్. మూడోది నీరసంగా ఉంది. కానీ ఉంది!

గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి, బండిని వాకిట్లోకి తోసి, అప్పుడు వాడి చేతికి తాళం ఇచ్చాను. మూడుసార్లు తిప్పాక అంటుకుంది. వీధి వీధంతా తెల్లటి పొగ! ఎదురింటాయన బయటికొచ్చాడు, మా ఆవిడ గొట్టం పట్టుకుని వచ్చింది. నా భయం పొగ చూసి కాదు, అదేం పొగో అని. మేం పోసిన ఆయిలైతే కాసేపటికి తగ్గాలి. తగ్గకుండా తియ్యటి వాసన వేస్తే, లోపలి సీళ్లు పోయి కూలెంట్ కాలుతోందని అర్థం. వంగి వాసన చూస్తూ నిలబడ్డాను. ఐదు నిమిషాలు. పది. పొగ పలచబడింది. ఇంజిన్ వేడెక్కేకొద్దీ వెనక రోటరు తడబాటు కూడా తగ్గి, కుట్టుమిషన్‌లా ఒకే నాదం మిగిలింది.

బ్రేకులు, క్లచ్ సిలిండర్, కొత్త టైర్లు అయ్యేసరికి మే నెలాఖరు. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. 7000 దగ్గర పడేసరికి డాష్‌బోర్డులో బజర్ మోగింది. "ఏం పాడైంది నాన్నా?" అని కంగారుపడ్డాడు. ఏమీ పాడవలేదురా, ఇంజిన్‌కి ఊపు సరిపోక ఇంకా ఇంకా వెళ్తుంటుంది, ఇక చాలు గేరు మార్చమని ఆ బజర్ పెట్టారు అన్నాను.

వెనక రోటరు మూడో ఊదు ఇంకా కాస్త తక్కువే. నెలాఖరున మళ్లీ కొలవాలి. మా ఆవిడ కారు ఇప్పటికీ బయటే ఉంది.