ఫ్యాను స్విచ్ వేసిందెవరు?

2025 జనవరిలో అమెరికన్ దర్శకుడు డేవిడ్ లించ్ చనిపోయాడు. ఆయన సినిమాల్లో కొట్టుకునే లైట్లనూ, కరెంటు రొదనూ మెచ్చుకునేవాళ్ళు ఎందరో. ఆ వెలుగు ఎవరి మీద పడిందో మనం అడగాలి.

1990లో మొదలైన 'ట్విన్ పీక్స్' టీవీ సీరియల్లో హత్యకు గురైన లారా అనే స్కూలు పిల్ల శవం మార్చురీలో ఉంటుంది. పైన ట్యూబులైటు కొట్టుకుంటూ ఉంటుంది. షూటింగులో నిజంగానే పాడైన లైటది. లించ్ దాన్ని అలాగే ఉంచేశాడు. జనం కళ్ళప్పగించి చూశారు. 1992 నాటి 'ఫైర్ వాక్ విత్ మీ' సినిమాలో అదే లారా బతికి ఉండి, తనపై అత్యాచారం చేస్తున్నది కన్నతండ్రేనని తెలుసుకుంటుంది. విమర్శకులు చాలామంది ఆ సినిమాను ఈసడించారు. చచ్చిన ఆడపిల్ల అందంగా ఉంది, బతికిన ఆడపిల్ల నిజం రోత పుట్టించిందన్నమాట!

అందులో తండ్రి, భార్యకు మందు కలిపిన పాలిస్తాడు. మెట్ల పైనున్న ఫ్యాను వేస్తాడు. ఆ రొదలో కూతురి గదికి వెళ్తాడు. కుటుంబం గుట్టును ఇంత స్పష్టంగా చూపిన లించ్‌తోనూ మనకు పేచీ ఉంది. తండ్రిని 'బాబ్' అనే దుష్టశక్తి ఆవహించిందంటాడు, దాన్ని కరెంటుతో ముడిపెడతాడు. 'తాగిన మైకంలో చేశాడు', 'బుద్ధి గడ్డి తింది' - ఇలాంటి సాకులు మనం ఎన్ని పంచాయితీల్లో వినలేదు? ఆ స్విచ్ వేసింది తండ్రి చెయ్యే.

2017లో వచ్చిన చివరి భాగంలో లారా ముఖమున్న స్త్రీ ఆ ఇంటిముందు నిలబడి కేక పెడుతుంది. ఇంట్లో లైట్లన్నీ ఆరిపోతాయి. ముందు ఆ కేక విందాం. లైట్ల అందం గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.