నిప్పు లేనిదే పొగ రాదా?

పోయిన సంచికలో సంఘం పరువును గూర్చి ఒక పెద్దలు రాసిన లేఖకు ఇది జవాబు. వయసులోనూ, ఈ దేశంలో గడిపిన ఏళ్ళలోనూ ఆయన నాకంటె చాలా పెద్ద. ప్లాబ్ పరీక్షకు చదువుకునే రోజుల్లో వారింట పప్పన్నం తిన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయినా ఆయన రాసింది తప్పని చెప్పక తప్పదు. ఆయన వాదన క్లుప్తంగా ఇది: జనరల్ మెడికల్ కౌన్సిల్ విచారణలో ఉన్న డాక్టర్లను అది ముగిసేవరకూ సంఘం కార్యవర్గంలోనూ, ఉగాది వేదిక మీదా ఉండనివ్వకూడదు; నిప్పు లేనిదే పొగ రాదు; తప్పు చేసినవాడు తలవంచి ఒప్పుకుని బయటపడాలి గాని, లాయర్లను పెట్టుకుని వాదించడం డాక్టరుకు హుందా కాదు.

ముందుగా పొగ సంగతి. అది ఎవరి పొయ్యిలోంచి వస్తున్నదో ఆయన చూసినట్టు లేదు. 2019లో జి.ఎమ్.సి. తానే కోరి చేయించుకున్న పరిశీలన ఒకటి వెలువడింది. ఆస్పత్రుల యాజమాన్యాలు తమ డాక్టర్ల మీద జి.ఎమ్.సి.కి పంపే ఫిర్యాదులకు సంబంధించినది. తెల్లవారితో పోలిస్తే తక్కిన జాతుల డాక్టర్ల మీద ఈ ఫిర్యాదులు రెండింతలకు పైగా వెళుతున్నాయనీ, ఇక్కడ చదివినవారితో పోలిస్తే బయట చదివి వచ్చినవారి మీద రెండున్నర రెట్లు వెళుతున్నాయనీ అందులో తేలింది. గుంటూరులోనో విశాఖపట్నంలోనో చదివిన మనం రెండు లెక్కల్లోనూ ఉన్నాం. మనలో చేతకానివాళ్ళు ఎక్కువ కాబట్టి అలా వస్తున్నాయని సరిపెట్టుకుందామా అంటే, ఆ పరిశీలన చెప్పిన కారణాలు వేరు. కొత్తగా వచ్చినవారికి ఇక్కడి పద్ధతులు సరిగా నేర్పేవారు లేరు. పొరపాటు కనిపించినప్పుడు మొహమాటం కొద్దీ ఎవరూ ముఖాన చెప్పరు. చెప్పకుండా చెప్పకుండా ఉండి చివరకు ఒకేసారి కాగితం మీద పెడతారు. లోపలి వలయంలో ఉన్నవాడికి మందలింపుతో పోయేది, వలయం బయటివాడికి ఫిర్యాదు అవుతుంది.

ఇక అరోరా కేసు చూడండి. మాంచెస్టరు ప్రాంతంలో జి.పి.గా పనిచేసే ఆమె తనకొక లాప్‌టాప్ కావాలని పై అధికారిని అడిగారు. ప్రస్తుతం లేవు, ఈసారి వచ్చినప్పుడు మీ కోరిక గుర్తుంచుకుంటామన్న ధోరణిలో జవాబు వచ్చింది. ఆమె కంప్యూటర్ల విభాగం వారితో, తనకు లాప్‌టాప్ ఇస్తామని మాట ఇచ్చారని అన్నారు. అంతే. ఆ ‘మాట ఇచ్చారు’ అన్న ముక్క నిజాయితీ లోపమని 2022లో ట్రిబ్యునలు ఆమెను ఒక నెల సస్పెండు చేసింది. కరెంటాఫీసు గుమాస్తా ‘చూద్దాం లెండి’ అంటే, ఇంటికి వచ్చి ‘పని అయిపోయినట్టే’ అని చెప్పని తెలుగువాడు ఎవరైనా ఉంటే చూపించండి! దేశంలోని డాక్టర్లంతా గగ్గోలు పెట్టారు. ఆమె హైకోర్టుకు అప్పీలు చేశారు, జి.ఎమ్.సి. ఎదురు వాదించలేదు, ఆ నిర్ణయం రద్దయింది. నిజాయితీ లోపమనడానికి చట్టం పెట్టిన కొలతను సరిగా వర్తింపజేయకుండానే కేసును అంతదూరం నడిపించారని తర్వాత జరిగిన సమీక్షలో తేలింది. మన పెద్దలు చెప్పిన హుందాతనం పాటించి ఆ నెల రోజులూ ఇంట్లో కూర్చుని ఉంటే, ఆ మచ్చ ఆమె పేరు పక్కనే ఉండిపోయేది.

‘విచారణ ముగిసేవరకూ’ అని ఆయన తేలికగా రాశారు. అది ఎంతకాలమో తెలుసా? మధ్యంతర ఉత్తర్వు అని ఒకటుంది. ఆరోపణ నిజమా కాదా అని ఏమీ తేల్చకుండానే, ప్రమాదం ఉండవచ్చునన్న అనుమానం మీద డాక్టరును 18 నెలల వరకూ పని మాన్పించవచ్చు. ఆపైన పొడిగించాలంటే హైకోర్టు ఒప్పుకోవాలి. ఆ కోర్టు పొడిగించిన సందర్భాలూ ఉన్నాయి. ఇది శిక్ష కాదని చట్టం అంటుంది. జీతం ఆగినవాడికీ, ఉద్యోగం పోతే వీసా కుదించి సాధారణంగా 60 రోజుల గడువు ఇచ్చే ఈ దేశంలో పిల్లల్ని బడికి పంపుతున్నవాడికీ ఇది శిక్ష కాదని చెప్పి చూడండి. ఆ పైన మన సంఘం కూడా అతని కుర్చీ లాగేస్తే అది గోరుచుట్టు మీద రోకటిపోటు. కోర్టువారు తేల్చనిదాన్ని మనం తేల్చేసినట్టు.

సహజ న్యాయం అని కోర్టులు పిలిచేదానికి రెండు కాళ్ళున్నాయి. తన తగవుకు తానే తీర్పరి కాకూడదు. ఎదుటివాడి మాట వినకుండా తీర్పు చెప్పకూడదు. ఈ రెంటికీ ఈ దేశ చరిత్రలో డాక్టర్ల కేసులే సాక్ష్యం. థామస్ బోనమ్ అనే వైద్యుడు తమ అనుమతి లేకుండా లండనులో వైద్యం చేస్తున్నాడని అక్కడి వైద్యుల కాలేజీ అతనికి జరిమానా వేసి, జైలులో పెట్టించింది. ఆ జరిమానాలో సగం కాలేజీకే చెందుతుంది. ఆరోపించేదీ, తీర్పు చెప్పేదీ, డబ్బు పుచ్చుకునేదీ ఒకరే ఎలా అవుతారని 1610లో కోక్ అనే న్యాయమూర్తి కాలేజీని తప్పుపట్టాడు. 1943 నాటి స్పాక్‌మన్ కేసు రెండవది. విడాకుల కోర్టులో తేలిన విషయాన్ని పట్టుకుని, డాక్టరు తెచ్చిన కొత్త సాక్ష్యం వినకుండానే జి.ఎమ్.సి. అతని పేరు రిజిస్టరులోంచి కొట్టేసింది. వినకుండా చేసిన విచారణ విచారణే కాదని హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. స్పాక్‌మన్ మంచివాడని లార్డులు అనలేదు. ఆ ప్రశ్న వాళ్ళు వేసుకోనేలేదు. మన పెద్దల లేఖలో లోపించిన వివేకం ఇదే: సరైన విచారణ అడగడం, నిర్దోషినని చెప్పుకోవడం ఒకటి కావు. దోషికి కూడా ఆ హక్కు ఉంది. అసలు విచారణ ముగిసేదాకా ఎవడు దోషో ఎవరికి తెలుసు?

జి.ఎమ్.సి. దాకా వెళ్ళే కేసులు పేపర్లలో పడతాయి గాని, మనవాళ్ళలో ఎక్కువమంది దెబ్బతినేది అంతకు ముందే, ఆస్పత్రి మూడో అంతస్తులో పర్సనల్ విభాగం వారి గదిలో. అటువంటి ఒక హియరింగుకు సహోద్యోగికి తోడుగా నేను వెళ్ళాను. ఏ ఆస్పత్రో చెప్పను. వందల పేజీల కాగితాలు అతనికి ముందురోజు సాయంత్రం చేరాయి. రాత్రంతా ఇద్దరం వంటింటి బల్ల మీద పరుచుకుని చదివాం. మర్నాడు, ఆరోపణలు తయారుచేసిన మనిషి విరామంలో తీర్పు చెప్పవలసిన ముగ్గురితో కలిసి టీ తాగాడు. మా ఇద్దరికీ వరండాలో కుర్చీలు వేశారు. గడువు కావాలని అడుగు, కాగితాలు ఆలస్యంగా వచ్చాయని రికార్డులో రాయించు అని నేనంటే, అతను “వద్దు గురూ, వాళ్ళకి కోపం వస్తుంది” అన్నాడు. ఉద్యోగం పోయింది. వాళ్ళకి కోపం మాత్రం రాలేదు, చాలా మర్యాదగా పంపించారు.

అడిగినవాళ్ళకు ఏమైందో కూడా చెప్పాలి. డాక్టర్ ఛాబ్రా సైకియాట్రీ కన్సల్టెంటు. రైల్లో రోగుల సంగతి మాట్లాడి గోప్యత తప్పారని ఫిర్యాదు. విచారణాధికారి రాసిన నివేదికను, ఈ కేసులో తల దూర్చనని హామీ ఇచ్చిన పర్సనల్ విభాగం పెద్ద, డాక్టరుకు వ్యతిరేకంగా దిద్దించాడు. 2013లో సుప్రీం కోర్టు ఆ హియరింగును ఆపేసింది. అంతకు ముందు 2009లో, మిల్టన్ కీన్స్‌లో పనిచేసిన డాక్టర్ కులకర్ణి కేసులో, డిఫెన్సు సంస్థ పెట్టిన లాయరు ఆస్పత్రి హియరింగులో డాక్టరు తరఫున మాట్లాడవచ్చునని అప్పీలు కోర్టు తేల్చింది. ఇవాళ మనలో ఎవరైనా లాయరుతో ఆ గదిలోకి వెళ్ళగలిగితే అది ఆయన ఇచ్చిన భిక్ష. ‘హుందా కాదు’ అని ఆయన అనుకుని ఉంటే?

క్షమాపణ గూర్చి కూడా ఒక మాట. రోగికీ, వారి బంధువులకూ జరిగింది జరిగినట్టు చెప్పి విచారం తెలపడం మన ధర్మం. అలా చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యం ఒప్పుకున్నట్టు కాదని 2006 నాటి పరిహారాల చట్టం కూడా అంటుంది. ఆరోపణల పత్రం చదవకుండా కింద సంతకం పెట్టడం వేరు సంగతి. మన పెద్దల పక్షాన ఉన్న బలమైన వాదన నేనే చెబుతాను: కాదన్న డాక్టరుకు ‘అంతర్దృష్టి లేదు’ అని ట్రిబ్యునలు శిక్ష పెంచుతుంది, కాబట్టి ఒప్పుకోవడమే లాభం అని. ఇది నిజంగా జరుగుతున్నదే. కానీ అది న్యాయమేనా? 2022లో సవాతి కేసులో హైకోర్టు సరిగ్గా ఈ ప్రశ్న ఎత్తుకుని, తన పక్షం తాను చెప్పుకున్నంత మాత్రాన డాక్టరును దానికి కూడా శిక్షించరాదన్న జాగ్రత్త చెప్పి, రిజిస్టరు నుంచి తీసేసిన ఉత్తర్వును పక్కన పెట్టింది. ఆ వల నుంచి తప్పించుకునే దారి కోర్టులో పడింది, వంగిన తలల వల్ల పడలేదు.

పైకోర్టు ఉంది కదా, అక్కడ చూసుకుందాంలే అనుకునేవారూ ఉన్నారు. వారికి చెప్పేది: అప్పీలు వినే జడ్జి మొత్తం కథ మళ్ళీ మొదటినుంచీ వినడు. కింద నిర్ణయం తప్పా, లేక విధానంలో ఘోరమైన లోపం వల్ల అన్యాయమైందా అని రికార్డు చూస్తాడు. రికార్డులో లేని అభ్యంతరానికి బలం తక్కువ. గడువు 28 రోజులు. 2013లో అడెసినా కేసులో ఇద్దరు నర్సుల అప్పీళ్ళు కొద్ది రోజులు ఆలస్యమయ్యాయి. అసాధారణమైన కారణముంటే తప్ప కోర్టు గడువు సడలించదని చెప్పి తలుపు మూసేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. పైగా 2008 నుంచి ఆరోపణ రుజువుకు నేరకోర్టు కొలత పోయింది; నిజమయ్యే అవకాశం ఎక్కువ అనిపిస్తే చాలు. కొలత తగ్గినచోట విధానం మరింత గట్టిగా ఉండవద్దా?

ఇక 2018లో బావా-గర్బా కేసు. లెస్టరు ఆస్పత్రిలో 2011లో ఆరేళ్ళ బాబు చనిపోయాడు. ఆ రోజు కంప్యూటర్లు పనిచెయ్యలేదు, కన్సల్టెంటు సాయంత్రం దాకా లేడు, పని అంతా ఒక ట్రెయినీ డాక్టరు మీద పడింది. నేరకోర్టు ఆమెకు శిక్ష వేసింది. ట్రిబ్యునలు సాక్ష్యం విని, ఒక ఏడాది సస్పెన్షన్ చాలునంది. తాను నడిపే ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పు తనకే నచ్చక జి.ఎమ్.సి. హైకోర్టుకు వెళ్ళి ఆమె పేరు కొట్టేయించింది. 2018 ఆగస్టులో అప్పీలు కోర్టు సస్పెన్షన్‌నే పునరుద్ధరించింది. అలా అప్పీలు చేసే అధికారం జి.ఎమ్.సి.కి తీసేయాలని ఆ ఏడే ప్రభుత్వ సమీక్ష చెప్పింది, ప్రభుత్వం సరేనంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ సెక్షను చట్టంలోనే కూర్చుంది. అప్పట్లో మన పార్టీల్లో “ఆవిడ నైజీరియా ఆవిడట కదా, మనకెందుకు” అన్నవాళ్ళను నేను విన్నాను. ఆ తీర్పు నీడలో రేపు పడుకునేది మన పిల్లలే.

షిప్‌మన్ పేరు ఎత్తి, డాక్టర్లకు ఇంకా రక్షణలేమిటని మన పెద్దలు అడిగారు. మంచి ప్రశ్నే. 1976లో పెథిడిన్ కేసులో షిప్‌మన్‌కు కోర్టులో శిక్ష పడితే, జి.ఎమ్.సి. అతని మీద హియరింగే పెట్టలేదు. హెచ్చరిక ఉత్తరంతో సరిపెట్టింది. 2000లో 15 హత్యలకు అతన్ని దోషిగా తేల్చింది నేరకోర్టు, లాయర్లతో, సాక్ష్యంతో, జ్యూరీతో. రోగులు చచ్చిపోయింది విచారణ మరీ న్యాయంగా జరగడం వల్ల కాదు, ఎవరూ విచారించకపోవడం వల్ల. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి కూడా గట్టి తీర్పు కావాలి. పైకోర్టులో మొదటి దెబ్బకే కూలిపోయే తీర్పు ఆమెకు మాత్రం ఏం న్యాయం?

కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను ప్రవేశపెట్టే తీర్మానం ఇది. తీర్పు రాకముందు ఏ సభ్యుణ్ణీ విచారణ కారణంగా పదవి నుంచి గాని, వేదిక నుంచి గాని తొలగించరాదు. కొత్తగా వచ్చే ప్రతి డాక్టరుకూ మొదటి వారంలోనే, అద్దె ఇల్లు చూపించేటప్పుడే, మెడికల్ డిఫెన్స్ యూనియన్‌లోనో, మెడికల్ ప్రొటెక్షన్ సొసైటీలోనో చేరమని చెప్పాలి, ఎన్.హెచ్.ఎస్. ఇచ్చే బీమా రోగుల నష్టపరిహారాలకే గాని, ఈ హియరింగులకు పనికిరాదని మనలో సగంమందికి తెలియదు. హియరింగుకు వెళ్ళేవారికి తోడుగా వెళ్ళి నోట్సు రాసుకునేందుకు నలుగురు సభ్యుల పేర్లు ఈ పత్రికలో వెయ్యాలి. మొదటి పేరు నాది. తీర్మానాన్ని బలపరుస్తూ ఇంకొక సంతకం కావాలి. కార్యదర్శిగారికి సమావేశానికి 10 రోజుల ముందు అందాలి. ఆ సంతకం మన పెద్దలే పెడితే నాకు మరింత సంతోషం.