ట్రాక్టర్ నడిపిన అమ్మాయి ఏమైంది?

మంగళగిరిలో మా ఇంట్లో పుస్తకాలకి అట్టలు వేసే పని జూన్‌లో ఓ చిన్న పండగలా జరిగేది. నాన్నకి 'సోవియట్ భూమి' కాగితమంటే మోజు. దళసరిగా, నున్నగా ఉండేది, వానకి తడిసినా తొందరగా చిరిగేది కాదు. నా ఆరో తరగతి లెక్కల పుస్తకం మీద ట్రాక్టర్ నడుపుతున్న అమ్మాయి ఒకతె ఉండేది. తలకి రుమాలు, నవ్వు మొహం. ఆ ఏడాదంతా నాతోపాటే బడికి వచ్చింది.

ముప్పై అయిదేళ్ళ తర్వాత మెల్‌బోర్న్‌లో, కార్నెగీలో, మా పక్క యూనిట్‌లోకి ఒక పెద్దావిడ దిగింది. రష్యన్ మాట్లాడేవాళ్ళు ఇక్కడ ఎక్కువే కాబట్టి అదేం వింత కాదు. కానీ ఆవిడ ఖార్కివ్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు డ్రాయింగులు గీసిందని తెలిసిన రోజు నా లెక్కల పుస్తకం గుర్తొచ్చింది. చెప్తే పడీపడీ నవ్వింది. "ట్రాక్టర్ నడిపినదాని సంగతి నాకు తెలీదు. గీసినదాన్ని మాత్రం నేనే" అంది.

తర్వాత ఆ ట్రాక్టరమ్మాయి ఏమైందో నాకు తెలిసింది ఈవిడ మాటల్లోనే. ఫ్యాక్టరీతో పాటే పిల్లల బడి ఉండేదట, మధ్యాహ్నం భోజనం ఉండేదట. పిల్లాడి కోసం సెలవు పెట్టిన కాలం కూడా పెన్షన్ లెక్కలోకి వచ్చేదట. అలాగని అదేదో స్వర్గమని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు, రొట్టె కోసం లైన్లో రెండు గంటలు, ఇంటికొచ్చాక వంట. పెద్ద ఇంజనీర్లందరూ మగవాళ్ళే. సమానత్వం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయేదని ఆవిడ విసురు.

1991 తర్వాత ఆ గేటే మూతపడినంత పనైంది. 1993లో ఉక్రెయిన్‌లో ధరలు ఒక్క ఏడాదిలో వంద రెట్లకు పైగా పెరిగాయి. ఇంటికోసమని దాచుకున్న డబ్బుతో ఆవిడ కొనగలిగింది ఒక జత బూట్లు. ముందు బడి మూసేశారు, తర్వాత జీతాలు ఆపేశారు. అప్పుడు గళ్ళ సంచులు భుజాన వేసుకుని పోలెండుకీ టర్కీకీ వెళ్ళి సరుకు తెచ్చి అమ్ముకునేవాళ్ళు పుట్టుకొచ్చారు. చాలామంది ఆడవాళ్ళే, డిగ్రీలున్న టీచర్లూ ఇంజనీర్లూ. వాళ్ళని 'చెల్నోకి' అనేవారట. ఆ మాటకి అసలు అర్థం మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె. మంగళగిరి పిల్లని కాబట్టి ఇది నాకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

ఇక్కడో మెలిక ఉంది. ఆ దేశాల్లో పేదరికం ఆడవాళ్ళని ఎక్కువ దెబ్బతీసిందా, మగవాళ్ళనా అంటే జవాబు సూటిగా రాదు. రష్యాలో మగవాళ్ళ సగటు ఆయుర్దాయం 1987లో 65 ఏళ్ళ దగ్గర ఉండేది, 1994 కల్లా 58కి లోపు పడిపోయింది. ఉద్యోగం పోయిన మగవాడు తాగి, గుండె ఆగి పోయాడు. ఆడది బతికింది, చిన్న పెన్షన్‌తో, ఒంటరిగా. ఈవిడ భర్త కూడా 1995లో యాభై నిండకుండానే పోయాడు. "వాళ్ళు చచ్చిపోయారు, మేం పేదవాళ్ళమయ్యాం" అంటుంది, మార్కెట్లో ఉల్లిపాయల ధర చెప్పినంత మామూలుగా.

లెక్కల్లో ఇంకో తిరకాసు. పేదరికం సర్వేలు ఎక్కువగా ఇంటిని ఒకటిగా లెక్కపెడతాయి. ఇంటికి డబ్బొస్తే ఆ ఇంట్లోవాళ్ళంతా పేదవాళ్ళు కాదని రాసుకుంటాయి. అందులో ఎవరి చేతికి ఎంత వస్తుందో అడగవు. అందుకే భర్త ఉన్నంతకాలం ఆడదాని పేదరికం కాగితం మీద కనబడదు. అతను పోయిన మర్నాడో, విడిపోయిన మర్నాడో హఠాత్తుగా బయటపడుతుంది.

పోలెండు 1999లో పెన్షన్ పద్ధతి మార్చింది. ఎవరి పేరున ఎంత జమైతే వాళ్ళకంతే. ఆడవాళ్ళకి 60, మగవాళ్ళకి 65. అయిదేళ్ళు తక్కువ జమ, పైగా ఎక్కువకాలం బతకడం! ముందే విశ్రాంతి ఇవ్వడం దయలా కనిపిస్తుంది, చేతికొచ్చేది మాత్రం చిన్న పెన్షన్. దీనికి ఎదురు ఉదాహరణ పాత తూర్పు జర్మనీ. అక్కడి ఆడవాళ్ళు జీవితమంతా ఉద్యోగాలు చేశారు కాబట్టి ఈరోజుకీ వాళ్ళ సొంత పెన్షన్ పశ్చిమాన ఉన్నవాళ్ళకంటే ఎక్కువ. అక్కడ ఆడా మగా జీతాల తేడా పశ్చిమాన ఉన్నదాంట్లో సగం కూడా లేదు.

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకుంటుండగా, మొన్న మా ఇద్దరి సూపర్ స్టేట్‌మెంట్లూ ఒకేరోజు వచ్చాయి. నా ఖాతాలో ఉన్నది మా ఆయన ఖాతాలో మూడోవంతు కూడా లేదు.

సూపర్ అంటే తెలియనివాళ్ళ కోసం: 1992 నుంచి ఆస్ట్రేలియాలో ఉద్యోగి పేరున యజమాని జమచేయాల్సిన పదవీ విరమణ డబ్బు. ఇప్పుడది జీతం మీద 12 శాతం. జీతం ఉంటేనే సుమా! నేను 2009లో వచ్చాను. గుంటూరులో లెక్చరర్‌ని. ఇక్కడ ఆ డిగ్రీని గుర్తింపజేసుకునేలోపు పాప పుట్టింది. డేకేర్ ఫీజు చూసి ఇంట్లోనే ఉండి, ఒక బేకరీలో రెండు పూటలు, ఒక ట్యూషన్ సెంటర్లో శనివారాలు చేశాను. అప్పటి చట్టం ప్రకారం ఒక యజమాని దగ్గర నెలకి 450 డాలర్లు దాటకపోతే సూపర్ కట్టక్కర్లేదు. నాకు రెండు చోట్లా నాలుగు వందల లోపే. కలిపితే దాటేది, కానీ కలిపి లెక్కపెట్టరు. అలా అయిదేళ్ళు. ఆ నియమం 2022 జులైలో పోయింది. ప్రభుత్వం ఇచ్చే ప్రసూతి సెలవు జీతం మీద సూపర్ 2025 జులై నుంచి మొదలైంది. మా పాప అప్పటికి హైస్కూలు.

నిజానికి ఈ దేశం పునాదిలోనే ఈ లెక్క ఉంది. 1907లో హార్వెస్టర్ తీర్పులో కనీస వేతనమంటే ఒక మగవాడు, భార్య, ముగ్గురు పిల్లలు బతకడానికి చాలినంత అన్నారు. ఆడమనిషికి తన కిందివాళ్ళు ఉండరని అనుకున్నారు. సమాన విలువగల పనికి సమాన వేతనం అనే సూత్రం 1972దాకా రాలేదు.

తమాషా ఏమిటంటే, మా పక్కింటావిడ ఇప్పుడు బతుకుతున్నది ఏజ్ పెన్షన్ మీద. పదేళ్ళు ఇక్కడ నివాసముంటే, ఆస్తి ఆదాయాలు పరిమితి లోపుంటే వస్తుంది. ఎన్నాళ్ళు జీతం తీసుకున్నావని అడగదు. "ఇక్కడ మీ దగ్గర కాస్త సోషలిజం మిగిలింది" అని నన్ను ఆటపట్టిస్తుంది.

ఒక దారి ఉందని వెతికితే తెలిసింది. భర్త తన ఖాతాలో గత ఆర్థిక సంవత్సరం యజమాని కట్టినదాంట్లో 85 శాతం దాకా భార్య ఖాతాకి మార్చవచ్చు. ఫారం ప్రింట్ తీసి భోజనాల బల్ల మీద పెట్టాను. మా ఆయన ముందు "మన డబ్బు మనదేగా, ఇప్పుడు ఎవరి పేరున ఉంటే ఏం?" అన్నారు. "ఏమీ తేడా లేకపోతే నా పేరునే ఉండనీయండి" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కళ్ళజోడు తెచ్చుకుని ఫారం మొత్తం చదివి, "ఎంత రాయమంటావు?" అన్నారు.

అది ఇప్పుడు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. నిన్న ఆవిడ టీకి వచ్చి అదేమిటని అడిగింది, చెప్పాను. కళ్ళు చిట్లించి చూసి, "సంతకాలయ్యాయా?" అంది.

ఆయనది అయింది. నాదే ఇంకా పెట్టాలి.