జూబిలీ మందిరం ఎవరి జ్ఞాపకం?

ఒక భవనం చరిత్ర రాయడమంటే దాన్ని ఎవరు కట్టించారో, ఎవరు ప్రారంభించారో రాయడమనే అనుకుంటాం. దానిలో ఎవరు కూర్చుని నిర్ణయాలు చేశారు, ఆ నిర్ణయాల బరువు ఎవరి మీద పడింది అన్నవి కూడా చరిత్రే. విజయవాడ బందరు రోడ్డులోని విక్టోరియా జూబిలీ మందిరాన్ని సమాజశాస్త్ర పరిశోధకురాలిగా చూసినప్పుడు ఈ రెండో రకం ప్రశ్నలే నన్ను పట్టుకున్నాయి.

ముందు తెలిసిన కథ చెప్పుకుందాం. విక్టోరియా రాణి గద్దెనెక్కి 50 ఏళ్లయిన సందర్భంగా 1887లో అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సూయల్ దీనికి పునాదిరాయి వేశాడు. తొలిరోజుల్లో ఇక్కడ పారిశ్రామిక ప్రదర్శనలు జరిగేవి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశాలతో ఈ మందిరం జాతీయోద్యమ చరిత్రలోకి వచ్చింది. పింగళి వెంకయ్య తాను రూపొందించిన జెండాను గాంధీకి అందించింది ఆ సందర్భంలోనే. 1962లో ఇది పురావస్తు శాఖ మ్యూజియంగా మారింది. 2020 అక్టోబరులో బాపు మ్యూజియం పేరుతో మళ్లీ తెరిచారు. బ్రిటిషు రాణి స్మారకం అలా గాంధీ స్మారకమైంది. దాని ముందున్న బందరు రోడ్డు కూడా కాగితాల్లో మహాత్మాగాంధీ రోడ్డయింది.

వలస పాలన నుంచి స్వాతంత్ర్యానికి జరిగిన ప్రయాణంగా ఈ కథను చదువుకోవడం మనకు అలవాటు. అందులో అబద్ధం లేదు. కాని ఈ కథలో స్త్రీలు ఎక్కడున్నారు?

మొదటి స్త్రీ రాణి. పాలించేది స్త్రీ అయినంత మాత్రాన పాలనలో ఉన్న స్త్రీలకు ఒరిగేది ఏమీ లేదనడానికి ఆమె కంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. స్త్రీల హక్కుల కోసం ఇంగ్లండులో నడిచిన ఆందోళనను 1870లోనే ఆమె పిచ్చితనంగా కొట్టిపారేసింది. ఆమె పేరిట మందిరానికి పునాది పడిన 15 ఏళ్లకు, 1902లో, ఇదే డెల్టాలోని బందరులో భండారు అచ్చమాంబ మరికొందరు స్త్రీలతో కలిసి బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. రాణి పేరు ఊరి నడిబొడ్డున దశాబ్దాల పాటు వెలిగింది. అచ్చమాంబ పేరు మాత్రం మనం పుస్తకాల్లో వెతుక్కోవలసి వచ్చింది.

ఇక 1921. బెజవాడ సమావేశం దేశం ముందు మూడు లక్ష్యాలు పెట్టింది. జూన్ 30 లోపల తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు వసూలు చేయాలి, కోటి మంది సభ్యులను చేర్పించాలి, 20 లక్షల రాట్నాలు తిరిగేలా చూడాలి. ఈ అంకెలను పాఠ్యపుస్తకాల్లో కంఠస్థం చేశాం. 20 లక్షల రాట్నాలు తిప్పే చేతులు ఎవరివన్న ప్రశ్న మాత్రం ఆ పుస్తకాలు వేయలేదు. నూలు వడకడం తరతరాలుగా ఇంట్లో ఆడవాళ్ల పని. వంట, పిల్లలు, పశువులు, పొలం పని ముగిశాక మిగిలిన గంటలోకి ఉద్యమం ఈ పనిని తెచ్చిపెట్టింది.

కోటి రూపాయల సంగతీ అంతే. 1921లో గాంధీ ఏలూరు వచ్చినప్పుడు మాగంటి అన్నపూర్ణాదేవి తన నగలన్నీ తీసి ఇచ్చేసింది. ఆమె త్యాగం గురించి చాలాసార్లు చదివాం. ఆ నగల అర్థం ఏమిటో కూడా ఆలోచించాలి. కృష్ణా ఆనకట్ట నీటితో బంగారం పండిన ఈ డెల్టాలో భూమి మగవాళ్ల పేర్ల మీద ఉంది. కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి గాని రాలేదు. అంతవరకూ చాలామంది స్త్రీలకు తమదని చెప్పుకోవడానికి ఉన్నది ఒంటిమీద బంగారమే. పురుషుడు విరాళమిస్తే ఉన్నదానిలో కొంత ఇచ్చినట్టు. స్త్రీ నగలిస్తే ఉన్నదంతా ఇచ్చినట్టు. ఈ తేడా ఏ నిధి లెక్కల్లోనూ కనిపించదు.

అదే 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చింది. ఆస్తి అర్హత అలాగే ఉంది కాబట్టి, ఆస్తి లేని స్త్రీలకు అది అందని హక్కుగానే మిగిలింది. ఒకపక్క ఓటుకు ఆస్తి ఉండాలి, మరోపక్క ఉన్న కాస్త ఆస్తీ దేశానికివ్వాలి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడనంత కాలం మన జాతీయోద్యమ చరిత్ర సగం చరిత్రే.

జెండా కథా ఇక్కడికే వస్తుంది. వెంకయ్య జెండా మీద గాంధీ రాట్నం ఉండాలన్నాడు. స్త్రీల రోజువారీ శ్రమ ఒక దేశపు జెండాకు గుర్తు కావడం చిన్న విషయం కాదు. 1947 జూలైలో రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో రాట్నం స్థానంలో అశోకచక్రం వచ్చింది. గుర్తు పోయినా ఖద్దరు నియమం మిగిలింది. 2021 డిసెంబరులో జెండా నియమావళిని సవరించి మిల్లు బట్టకు, పాలియెస్టరుకు అనుమతి ఇవ్వడంతో ఆ వడికే చేతుల కూలికీ ఎసరు వచ్చింది. వడికే స్త్రీకి జెండా గౌరవమే కాదు, బతుకుతెరువు కూడా.

‘వాళ్లు ఇష్టపడే ఇచ్చారు కదా, ఇప్పుడు లెక్కలెందుకు?’ అని అడిగేవారున్నారు. ఇష్టపడి ఇచ్చిన మగవాళ్ల పేర్లు వీధులకు పెట్టినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. త్యాగం అని పొగిడి పేరు మరిచిపోవడం పితృస్వామ్యానికి బాగా అలవాటైన పని. మ్యూజియంలో మహిషాసురమర్దని శిల్పానికి చోటుంది, ఉండవలసిందే. దేవతగా, రాణిగా చోటు దొరికిన స్త్రీకి శ్రామికురాలిగా, దాతగా, కార్యకర్తగా కూడా చోటు కావాలంటున్నాం.

అందుకు మనం చేయగలిగిన పనులున్నాయి. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ పోరాట స్త్రీల మాటలను వాళ్ల నోటే వినిపించింది. 1921 నాటి స్త్రీలు ఈనాడు లేరు. వాళ్ల మనవరాళ్లు ఉన్నారు. గుడివాడలో, అవనిగడ్డలో, ఉయ్యూరులో, దివిసీమ పల్లెల్లో పనిచేస్తున్న కార్యకర్తలు తమ సంఘాల సమావేశాల్లో ఒక్క గంట దీనికి కేటాయించాలి. అమ్మమ్మ రాట్నం ఏమయింది? ఏ నగ ఇచ్చింది? ఇంట్లో ఎవరిని అడిగి ఇచ్చింది? ఇచ్చాక ఎవరేమన్నారు? ఈ ప్రశ్నలు అగ్రకులాల ఇళ్ల దగ్గరే ఆగకూడదు. ఇవ్వడానికి నగలే లేని కూలి స్త్రీలు, దళిత స్త్రీలు ఆ రోజులను ఎలా గుర్తుపెట్టుకున్నారో వినకపోతే మన చరిత్ర కూడా మరో సగం చరిత్ర అవుతుంది.

సేకరించిన పేర్లతో పురావస్తు శాఖను కలుద్దాం. జూబిలీ మందిరం గోడమీద ఆ పేర్లు ఉండాలని అడుగుదాం. రాణి కాలం నాటి పేరు చెరిపేయమని మనం కోరడం లేదు. ఆ భవనానికి ఉన్న పేర్లన్నీ, దాన్ని వాడుకున్న తీరులన్నీ వరసగా కనిపించాలి. ఆ వరసలో మన వంతు కూడా రావాలి. ప్రదర్శనలకు, కాంగ్రెసుకు, శిల్పాలకు చోటిచ్చిన ఆ ఆవరణలో ఆస్తిహక్కు గురించి, కూలి గురించి మన స్త్రీలు కూర్చుని మాట్లాడుకునే ఒక సభ కూడా జరగాలి.