దెబ్బ తిన్నవాళ్ళంతా నిర్దోషులేనా?

పోయిన నెల సాహిత్య గోష్ఠిలో ఒక మాస్టారి మాటకు చప్పట్లు బాగా మోగాయి. "పోలండువాళ్ళూ మనలాగే పరాయి పాలనలో నలిగినవాళ్ళు. అందుకే వాళ్ళ యాత్రికులు ఆఫ్రికాను దొరల కళ్ళతో చూడలేదు" అన్నారాయన. పెద్దవారు గనుక ఆ రోజు ఊరుకున్నాను. ఇక్కడ మాత్రం చెప్పక తప్పదు. మాస్టారూ, క్షమించండి, అందులో సగమే నిజం.

నలిగిన మాట నిజమే. 1772, 1793, 1795లలో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు పోలండును మూడు విడతలుగా పంచుకున్నాయి. 1918 దాకా అది స్వతంత్ర దేశం కాదు. జోసెఫ్ కాన్రాడ్ తండ్రిని రష్యా ప్రభుత్వం 1862లో భార్యాబిడ్డలతో సహా దేశం దాటించింది. ఆ బిడ్డే పెద్దవాడై 1890లో కాంగో వెళ్ళి, బెల్జియం రాజు లియోపోల్డు మనుషుల దోపిడీని కళ్ళారా చూశాడు. 1899లో అచ్చయిన 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్'లో దాన్ని ఎండగట్టాడు. కాని ఆ కథలో నల్లవాడికి నోరేదీ? అరుపులూ, నీడలూ తప్ప మనిషి కనపడడు. 1975లో చినువా అచెబె అమెరికాలో ఉపన్యసిస్తూ నిలదీసింది దీన్నే.

షెంకెవిచ్ మాటేమిటి? ఆయనా రష్యా ఏలుబడిలో పుట్టినవాడే. 1891లో జాంజిబారు, తూర్పు ఆఫ్రికా తిరిగివచ్చి ఉత్తరాలు అచ్చువేశాడు. 1905లో నోబెల్ బహుమతి పొందాడు. 1911లో పిల్లల కోసం రాసిన 'ఎడారిలో, అడవిలో' నవలలో పోలిష్ కుర్రవాడు యజమాని, కాలీ అనే నల్ల కుర్రవాడు సేవకుడు. తన ఆవుల్ని ఎవరైనా తోలుకుపోతే పాపం, తాను ఇతరుల ఆవుల్ని తోలుకొస్తే పుణ్యం అంటాడు కాలీ. రెండు నాలుకల ధోరణిని పోలండులో ఇప్పటికీ 'కాలీ నీతి' అంటారు.

ఆ నీతి ఎవరిది? స్వాతంత్ర్యం వచ్చిన పన్నెండేళ్ళకే, 1930లో, 'సముద్ర, వలసల సమితి' అని పేరు పెట్టుకుని తమకూ వలసలు కావాలన్నదెవరు? తమ యూదుల్ని పంపడానికి పనికొస్తుందేమో చూడమని 1937లో ఫ్రెంచి మడగాస్కరుకు బృందాన్ని పంపిందెవరు? కాలీ కాదుగదా!

కపుశ్చిన్‌స్కీ వేరంటారు. నిజమే, ఆయన జనంలో కలిసి తిరిగాడు, మమ్మల్నీ తెల్లవాళ్ళే ఏలారని ఆఫ్రికావాళ్ళకు చెప్పుకున్నాడు. అయినా 1998 నాటి 'హెబాన్'లో ఆఫ్రికావాడి కాలజ్ఞానమే వేరని ఒక ఖండాన్నంతా ఒకే గాటన కట్టేశాడు.

వైద్యుడిగా ఒక మాట. పరాయి పాలన మశూచి లాంటిది కాదు, ఒకసారి వచ్చిపోతే మళ్ళీ సోకదనుకోవడానికి. అది టైఫాయిడ్ లాంటిది. జ్వరం తగ్గినవాళ్ళలోనే కొందరు, తమకు తెలియకుండా, ఆ క్రిమిని మోస్తూ నలుగురికీ అంటిస్తారు.

పోలండును బోనెక్కించి చేతులు దులుపుకోవడానికి రాయడం లేదు. మనం ఇంటికి రాసే కబుర్లూ యాత్రా రచనలే. ఈ దేశం వచ్చిన కొత్తలో నాతో పనిచేసిన జమైకా నర్సమ్మ గురించి నేను రాసిన వాక్యం ఇవాళ తలుచుకుంటే సిగ్గేస్తుంది. రాత్రి డ్యూటీల్లో నాకు పని నేర్పింది ఆవిడే. సభలో తెల్లదొరల్ని తిట్టి, తిరిగొస్తూ కారులో నల్లవాళ్ళ గురించి మనవాళ్ళు మాట్లాడుకునే మాటలు మీరూ వినే ఉంటారు.

మనం తిన్న దెబ్బలు నిజమే. అవి మన మంచితనానికి సర్టిఫికెట్లు మాత్రం కావు.